రాయని నాలుగో పేపరు

కిందటి వారం మనం చంద్రికను ఆఫీసు కంప్యూటర్ ముందు వదిలేసి మన పనులు మనం చూసుకున్నాం. పాపం, ఆమె అక్కడే ఉండిపోయింది. నగరిలో నాలుగు పవర్‌లూమ్ మగ్గాలున్న తులసీరాం కూతురు ఆమె. వయసు ఇరవయ్యారు. తిరుపతిలో ఒక కంపెనీ నెట్‌వర్క్ విభాగంలో ఉద్యోగం, అదీ మే నెలలోనే పర్మనెంట్ అయింది. తన కింద పనిచేసే ఏడుగురిలో వయసులో పెద్దవాళ్లను 'అన్నా' అని పిలుస్తూనే పని చేయించుకునే నేర్పరి. ఆ ఉద్యోగం ఒక సర్టిఫికెట్ మీద నిలబడింది. దానికోసం ఆమె మూడు పరీక్షలు రాసింది. మూడే రాసింది, ఈ సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి.

శుక్రవారం సాయంత్రం ఆ సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. సోమవారం ఉదయం పది గంటలకు వీడియోలో మాట్లాడతాం, పరీక్ష రోజు తీసిన ఫొటోతో మీ ముఖం పోల్చి చూస్తాం, ఈ వారంలో తీసుకున్న ఫొటో ఒకటి ముందుగా పంపండి అని అందులో ఉంది. ఇలాంటి తనిఖీలు మామూలే అనుకొని చంద్రిక ఫొటో తీసుకొని పంపేసింది. ఆ తర్వాత, ఎందుకైనా మంచిదని, ఖాతాలో తన పరీక్షల జాబితా తెరిచింది. అందులో నాలుగు పరీక్షలు ఉన్నాయి. నాలుగోదాని ఎదురుగా 'ఎలక్టివ్, ఆటోమేషన్' అనీ, 'పాస్' అనీ ఉంది. తేదీ ఏప్రిల్ పన్నెండు, ఉదయం పదిన్నర.

ఏప్రిల్ పన్నెండు ఉదయం పదిన్నరకు చంద్రిక తిరుమల కొండ మీద ఉంది. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చేసి, గుండుకు చందనం రాసుకొని, అమ్మ పెంచలమ్మ పక్కన నిలబడి దర్శనం క్యూలోకి వెళుతోంది.

శుక్రవారం ఆమెకు నిద్ర లేదు, అది వేరే చెప్పక్కర్లేదు. రూములో తనతోపాటు ఉండే సుజనకు కూడా ఏమీ చెప్పలేదు. చెబితే బాధపడుతుందని అనుకుంది. ఇది చదువుతున్న మీరు నవ్వుకోవడానికి ఇంకా కొంచెం సమయం ఉంది.

శనివారం మధ్యాహ్నం ఆమె దామోదరం మాస్టారి ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లింది. మాస్టారికి యాభై ఎనిమిదేళ్లు. చిత్తూరులో పాలిటెక్నిక్‌లో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, పదహారేళ్ల కిందట తిరుపతిలో ఈ ఇన్‌స్టిట్యూట్ తెరిచాడు. ఆయన చేతిలో చదివినవాళ్లు బెంగళూరులో, చెన్నైలో, ఎక్కడపడితే అక్కడ ఉన్నారు. మెట్ల దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఈ ఏడాది పాసైన పద్నాలుగు మంది ఫొటోలు అందులో ఉన్నాయి. రెండో వరుసలో మొదటిది చంద్రికది, పొడుగు జడ ముందుకు వేసుకొని నవ్వుతున్నది. ఆ నవ్వు చూడకుండా తల దించుకొని మెట్లెక్కింది.

మాస్టారు ఒక్కడే ఉన్నాడు. శనివారం క్లాసులు మధ్యాహ్నానికే అయిపోతాయి. ఆయన టిఫిన్ క్యారియర్ మూత పెడుతూ ఆమెను చూసి, ముందు ఆమె జుట్టు వైపు చూశాడు. అయిదు నెలల జుట్టు అది, చెవుల పైకొస దాకా వచ్చి ఆగింది. జుట్టు నుంచి చూపు తిప్పుకొని కూర్చోమన్నాడు. తాను ఇంకా ఏమీ అడగకుండానే ఆయన ముఖంలో రంగు మారడం చంద్రిక కనిపెట్టింది. తప్పేదో జరిగిందని ఆమెకు అప్పటిదాకా అనుమానమే. ఆ ముఖం చూశాక అనుమానం పోయి భయం కూర్చుంది.

ఆమె ఫోను తీసి, జాబితా ఉన్న తెర ఆయన ముందు పెట్టింది.

"నేను రాయని పరీక్ష నా పేరు మీద యాడ్నించి వచ్చింది సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. ఏదో పొరపాటు పడి ఉంటుంది, సంస్థవాళ్ల కంప్యూటర్‌లో ఇట్లాంటివి జరుగుతుంటాయి, నేను మెయిల్ పెడతాను అన్నాడు. చంద్రిక సోమవారం వీడియో తనిఖీ ఉందని చెప్పింది. ఆ మాటకు ఆయన లేచి వెళ్లి, గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

తలుపు వేసే అవసరం ఏముందని ఆమె అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం.

"నువ్వు రాసిన మూడూ కోర్ పేపర్లమ్మా," అన్నాడు ఆయన, పాఠం చెప్పే గొంతుతోనే. ఆ గొంతు ఒక్కటే ఇంకా ఆయన మాట వింటున్నట్టుంది. "నాలుగోది ఎలక్టివ్. నేను వద్దన్యాను కదా. సెక్యూరిటీ పేపరు రాస్తే అదే ఎలక్టివ్ కింద కూడా పోతాది అని చెప్పినాను. గుర్తుండాదా?"

ఎందుకు గుర్తుండదు? పద్నాలుగు మందికీ బోర్డు మీద గీసి మరీ చెప్పాడు. మూడు గడులు కోర్, ఒక గడి ఎలక్టివ్. కోర్ మూడూ అందరూ రాసి తీరాలి. ఎలక్టివ్ కింద ఆరు పేపర్ల జాబితా ఇస్తారు, అందులో ఎవరికి ఇష్టమైనది వాళ్లు ఎంచుకోవచ్చు. ఆ ఆరింటిలో సెక్యూరిటీ పేపరు కూడా ఉంది, అది కోర్‌లోనూ ఉంది. కాబట్టి అది ఒక్కటి రాస్తే రెండు గడులూ నిండుతాయి, ఒక పరీక్ష మిగిలిపోతుంది అని మాస్టారు నవ్వుతూ చెబితే క్లాసంతా చప్పట్లు కొట్టింది. చంద్రిక అందరికంటే గట్టిగా కొట్టింది. ఎలక్టివ్ జాబితాలో మిగిలినవన్నీ ఆమెకు కొరుకుడుపడనివే. ఆటోమేషన్ అయితే మరీ. ప్రోగ్రాములు రాయడం ఆమెకు ఎన్నడూ పట్టుబడలేదు.

మేజా మీద స్పైరల్ బైండింగు వేసిన పుస్తకం ఒకటి ఉంది. అది ఆయన సొంత నోట్సు, ఏటేటా జిరాక్స్ తీసి పిల్లలకు పంచేది. తిరుపతిలో ఆ జిరాక్స్‌కు ఎంత పేరంటే, వేరే ఇన్‌స్టిట్యూట్లలో చదివేవాళ్లు కూడా దొంగచాటుగా తెచ్చుకుంటారు. ఆయన ఆ పుస్తకాన్ని వేలితో తాకనైనా తాకకుండా, కళ్లతోనే చూపించాడు. కిందటేడు ఆఖర్లో సంస్థ నిబంధన మార్చిందట. కోర్‌లో లెక్కకు వచ్చిన పేపరు ఎలక్టివ్‌లో లెక్కకు రాదు అని పేజీ అడుగున ఒక్క వాక్యం చేర్చారట. భోజనం టికెట్టులో సాంబారు ఎలాగూ వడ్డిస్తారు, అదే సాంబారు ఇంకో గరిటె పోయించుకొని వేపుడు తిన్నట్టు లెక్క రాయమంటే రాస్తారా? అంత తేలిక విషయం. ఆయన కొత్త పేజీ చదవలేదు. తన జిరాక్స్ చదివాడు.

"పదహారేండ్లు అదే పాఠం చెప్పినానమ్మా. సూడాల్సిన పని ఉండాదని తోచలేదు నాకు."

మార్చి నెలాఖరులో ఒక పిల్లవాడు మూడూ పాసై, సర్టిఫికెట్ రాలేదని వచ్చి అడిగినప్పుడు ఆయనకు తెలిసింది. ఏప్రిల్ ముప్పయ్యో తేదీకి గడువు. ఆలోగా నాలుగో పేపరు పాసవ్వకపోతే ముందు రాసిన మూడూ చెల్లవు, కొత్త పేపర్లతో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. పద్నాలుగు మందిలో అప్పటికే సగం మంది సర్టిఫికెట్ వస్తుందని ఆఫీసుల్లో రాసిచ్చేశారు. ఆయన ఒక్కొక్కరినీ పిలిచి చెప్పి ఉండాల్సింది. నేను తప్పు చెప్పాను, క్షమించండి, నెలరోజులు కూర్చుని ఎలక్టివ్ చదువుదాం రండి అని ఉండాల్సింది. ఆయనకు నోరు రాలేదు. అయిదారుగురిని మాత్రం ఏదో వంక చెప్పి కూర్చోబెట్టి రాయించాడు. మిగిలినవాళ్లు నెలలో పాసవుతారన్న నమ్మకం ఆయనకు లేదు.

"ఆ మిగిలినోళ్లలో నేనూ ఉండానా?"

ఆయన అవునన్నట్టు తల ఊపాడు.

చంద్రికకు కోపం రావాల్సిన చోట అది. రాలేదు. మే నెలలో కంపెనీలో తాను పెట్టిన సంతకం గుర్తుకొచ్చింది. 'ఈ సర్టిఫికెట్‌కు చెందిన పరీక్షలన్నీ నేనే స్వయంగా రాశాను' అన్న కాగితం అది. మేనేజర్ సుకుమార్ చదివి సంతకం పెట్టమంటే, చదవడానికేముందని నవ్వి పెట్టేసింది.

ఆమె తన దగ్గరున్న ఒకే ఒక ఆశను బయటికి తీసింది. ఆ రోజు తాను కొండ మీద ఉంది. దర్శనం టికెట్టు మీద తన ఆధార్ నంబరు ఉంది. గుండుతో తీయించుకున్న ఫొటో ఉంది, దాని మీద టైము ఉంది. సోమవారం వాళ్లకు అవన్నీ చూపిస్తాను, రాసింది నేను కాదని చెబుతాను అంది. చెబుతుంటే ఆమెకే కొంచెం ధైర్యం వచ్చింది.

దామోదరం మాస్టారు చివరిదాకా విన్నాడు. మాట్లాడినప్పుడు ఆయన గొంతులో బెదిరింపు ఏమీ లేదు. ఉంటే బాగుండేది, ఎదురు తిరగడానికైనా వీలుండేది.

"చూపించమ్మా. నువ్వు కొండ మీద ఉండావని నువ్వే రుజువు చేస్తావు. అంటే నీ బదులు ఇంకొకరు రాసినారని కూడా నువ్వే రుజువు చేసినట్టు. సర్టిఫికెట్టు నీది, ఉద్యోగం నీది, సంతకం నీది. నాకు తెలియకుండా రాసినారు అంటే ఎవురు నమ్ముతారు?"

నమ్మకపోతే ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. పరీక్ష మొదలయ్యే ముందు తెర మీద వచ్చే నిబంధనల్లో అది ఉంటుంది, మూడుసార్లు 'అంగీకరిస్తున్నాను' అని నొక్కింది. ఒకరి బదులు ఒకరు రాస్తే రాసినవారికీ, రాయించుకున్నవారికీ జీవితాంతం నిషేధం. అప్పటిదాకా పాసైనవన్నీ రద్దు. కంపెనీకి కబురు పోతుంది. సర్టిఫికెట్ లేకుండా ఈ పనిలో ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు. తిరుపతిలో కాదు, ఎక్కడా. ఆమె నగరికి తిరిగి వెళితే నాయన ఏమీ అనడు. రెండు మగ్గాలు ఆగిపోయాయి, మూడోది నడిపించుకోమంటాడు. ఆయన అనకపోవడమే ఆమె భరించలేనిది.

"రాసిందెవురు సార్?" అని అడిగింది.

ఆయన చెప్పనన్నాడు. ఆ పేరుతో నీకు పనిలేదన్నాడు. చంద్రిక ఫొటో చూపించమంది. ఫొటో తన దగ్గర లేదన్నాడు ఆయన. మార్కుల రిపోర్టు మీద పరీక్ష రోజు తీసిన ఫొటో అచ్చు అవుతుందని, అట్లాంటివి మూడు తన బీరువాలో ఉన్నాయని, నాలుగోది ఈ ఇన్‌స్టిట్యూట్‌లో కాక ఇంకెక్కడ ఉంటుందని ఆమె అడిగింది. గొంతు పెంచలేదు. ఆయనే ఓడిపోయినట్టు కంప్యూటర్ వైపు తిరిగి, ఏదో వెతికి, తెరను ఆమె వైపు తిప్పాడు.

మొదట ఆమెకు అది తన ఫొటోలాగే కనిపించింది. తాను మరిచిపోయి ఎప్పుడైనా వచ్చి ఈ పరీక్ష రాసి వెళ్లిందా అని ఒక్క క్షణం నిజంగానే అనుకుంది. కోల ముఖం, కొంచెం వంచిన తల, భుజం మీదుగా ముందుకు వేసుకున్న పొడుగు జడ. ఫ్లెక్సీ మీద ఎలా ఉందో అలాగే ఉంది. ఆ డ్రెస్సు కూడా తనదే. ఆకుపచ్చ మీద తెల్ల గళ్లు.

ఆ డ్రెస్సు లోకంలో ఇంకొకరి దగ్గర ఉండే వీలు లేదు. ఈరోడ్ వ్యాపారికి చూపించడానికి నాయన మగ్గం మీద నమూనాగా నేసిన గుడ్డ అది. పడుగు నిలువు దారాల్లో ఒక ఎర్ర పోగు పొరపాటున కలిసిపోయింది. వ్యాపారి వద్దన్నాడు. నాయన దాన్ని మగ్గం నుంచి కోసి, "నువ్వు కుట్టించుకో పాపా" అని ఇచ్చాడు. ఎడమ భుజం మీదుగా నిలువునా దిగే ఆ ఎర్ర గీతను ఆమె ఎప్పుడూ లోపంగా అనుకోలేదు. మూడు పరీక్షలకూ అదే వేసుకుంది. అది వేసుకుంటే పాసవుతానని ఒక నమ్మకం. తెర మీద ఉన్న అమ్మాయి ఎడమ భుజం మీద కూడా ఆ ఎర్ర గీత ఉంది.

ఏప్రిల్ పన్నెండు పొద్దున కొండకు అదే వేసుకుందామని వెతికితే దొరకలేదు. ఇస్త్రీకి ఇచ్చాము, ఇంకా రాలేదు అని చెప్పింది సుజన.

సుజన. ఇద్దరినీ చూసి అక్కాచెల్లెళ్లా అని అడగని మనిషి వాళ్లు అద్దెకుండే తిరుచానూరులో లేడు. ఈ ఇన్‌స్టిట్యూట్‌లోనే ల్యాబ్ చూసుకుంటుంది. ఎలక్టివ్‌గా ఆటోమేషన్ పేపరు రాసి, మంచి మార్కులతో పాసైంది కూడా. మొక్కు ఏప్రిల్ పన్నెండునే తీర్చుకో అక్కా, ఆ రోజు శనివారం, మంచిది అని దర్శనం టికెట్లు తానే బుక్ చేసి పెట్టింది. చంద్రిక ఆధార్ కార్డు కొండకు తీసుకుపోయింది. పాన్ కార్డు రూములోనే ఉంది. పరీక్షకు పాన్ కార్డు చాలు.

ఇక్కడే వాళ్ల లెక్క తప్పింది. మూడు కత్తెరలు ఇచ్చి వచ్చేస్తానని చంద్రిక సుజనతో చెప్పి వెళ్లింది. ఆడవాళ్లు చాలామంది అంతే చేస్తారు, కొసన మూడుసార్లు కత్తిరించి ఇస్తే మొక్కు చెల్లుతుంది, జడ జడలాగే ఉంటుంది. కల్యాణకట్టలో కూర్చున్నాక ఆమెకు మనసు మారింది. మూడు పరీక్షలు మొదటిసారికే పాస్ చేయించిన దేవుడికి మూడు కత్తెరలు లెక్కపెట్టి ఇవ్వడం పిసినారితనంగా తోచింది. మొత్తం ఇచ్చేసింది. పరీక్షా కేంద్రంలో పొడుగు జడతో ఒక చంద్రిక ఫొటోకు కూర్చున్న వేళకు, కొండ మీద ఇంకో చంద్రిక తల మీద వెంట్రుక లేదు. సాయంత్రం ఆమె గుండుతో రూములోకి అడుగుపెడితే సుజన మంచం మీద కూలబడిపోయి ఏడ్చింది. "మొత్తం ఇచ్చేసినావా అక్కా" అని మళ్లీ మళ్లీ అడిగింది. తన జుట్టు కోసం అంత ఏడ్చే మనిషి దొరికినందుకు చంద్రిక ఆ రోజు ఎంత మురిసిపోయిందో, సుజన వీపు నిమిరి ఎంత ఓదార్చిందో ఇప్పుడు గుర్తుకొచ్చింది.

మాస్టారు అప్పుడు అసలు సంగతికి వచ్చాడు. సోమవారం వీడియోలో నువ్వు కూర్చోవద్దు అన్నాడు. ఫొటోలో ఉన్న ముఖం ఎవరిదో ఆ ముఖమే కూర్చుంటే పోలిక కుదురుతుంది. పరీక్షలో ఏం రాశావని అడిగినా ఆ మనిషే చెప్పగలదు. చంద్రిక చేయవలసిందల్లా తన ఖాతా పాస్‌వర్డు ఇవ్వడం, పది గంటల నుంచి పదిన్నర దాకా ఫోను ఆపేసి ఎక్కడైనా ఉండడం. తర్వాత ఎవరి ఉద్యోగం వాళ్లది.

నిజం చెబుతున్నాను, చంద్రిక ఒక నిమిషం ఆలోచించింది. ఆలోచించలేదని రాస్తే మీరు నమ్మరు. అరగంట కళ్లు మూసుకుంటే చాలు, అంతా ఎప్పటిలాగే ఉంటుంది. కానీ అప్పుడది ఆమెకు తెలియకుండా జరిగిన పని కాదు. ఇప్పటిదాకా ఆమె దగ్గర మిగిలింది ఆ ఒక్క మాటే. దాన్ని కూడా ఇచ్చేస్తే ఇక ఎవరికీ ఏమీ చెప్పుకోవడానికి ఉండదు.

"ఇయ్యను సార్," అని లేచింది.

ఆమె తలుపు దాకా వెళ్లాక మాస్టారు వెనకనుంచి పిలిచాడు. ఆయన లేవలేదు. రెండు చేతులూ ఆ స్పైరల్ పుస్తకం మీద పెట్టుకొని కూర్చున్నాడు.

"ఇప్పుడు రూముకు పోవద్దమ్మా. నగిరికి పో, మీ నాయన దగ్గరికి. ఆ పాప ఒక్కతే మూడు పేర్ల మీద రాసిండాది. వచ్చే నెల చెన్నైలో ఉద్యోగంలో చేరల్ల. నిన్న నీకు మెయిల్ వచ్చిందని తెలిసినప్పట్నుంచి నా మాట కూడా ఇనడం లేదు."

తనకు మెయిల్ వచ్చిన సంగతి చంద్రిక నిన్న ఎవరికీ చెప్పలేదు.

నగరికి పోవచ్చు. బస్టాండు దగ్గరే. కానీ తన మెయిల్ ఎప్పుడూ తెరిచే ఉండే ల్యాప్‌టాప్ రూములో ఉంది. పాన్ కార్డు, మార్కుల రిపోర్టులు, కొండ మీది దర్శనం టికెట్టు అన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయి. అవి లేకుండా ఆమె దగ్గర ఏ నిజమూ లేదు. షేర్ ఆటో ఎక్కి తిరుచానూరు అంది. పట్టపగలు, ఎండ, రోడ్డు నిండా యాత్రికుల బస్సులు, లాడ్జిల ముందు గదులు కావాలా అని పిలిచేవాళ్లు. ఇంతమంది మధ్య భయపడడానికేముందని తనకు తానే చెప్పుకుంది. ఆటోలో పక్కన కూర్చున్నావిడ ఎందుకో తన ముఖం వైపే చూస్తుంటే ముఖం తిప్పుకుంది.

ఇంటి ఓనరు భారతమ్మ ఎప్పటిలాగే కింద అరుగు మీద కూర్చొని కనకాంబరాలు కడుతోంది. సాయంత్రానికి అమ్మవారి గుడి దగ్గర అమ్మే పూలు అవి. చూపు కొంచెం మందగించిన మనిషి. చంద్రిక గేటు తీసిన చప్పుడుకు తలెత్తి, కళ్లు చికిలించి చూసింది.

"ఇప్పుడే కదా పాపా పైకి పోతివి. మళ్లా యాడ్నించి వస్తా ఉండావు?"

చంద్రిక నవ్వబోయింది. నవ్వు రాలేదు. నేను పొద్దున పోయినదాన్ని ఇప్పుడే వస్తున్నాను అవ్వా అంది. భారతమ్మ ఒప్పుకోలేదు. పచ్చ గుడ్డలేసుకొని నువ్వే కదా పోయినావు, నేను పిలిస్తే తిరిగి కూడా చూసినావు అని, దారాన్ని పళ్లతో కొరికి, మళ్లీ పూల మీదికి వంగింది.

మెట్లు పద్దెనిమిది. రోజూ ఎక్కేవే. సగంలో ఆగి వెనక్కి తిరిగిపోదామా అనుకుంది. కింద భారతమ్మ ఉంది కదా, కేకేస్తే వినిపిస్తుంది కదా అని మిగిలిన సగం ఎక్కింది. తలుపు తోస్తే తెరుచుకుంది.

అద్దం ముందు చంద్రిక నిలబడి ఉంది.

ఆకుపచ్చ మీద తెల్ల గళ్లు, ఎడమ భుజం మీద ఎర్ర గీత. చెవుల పైకొస దాకా వచ్చి ఆగిన జుట్టు. నేల మీద పరిచిన పాత పేపరు మీద, తెగిన పొడుగు జడ ఇంకా అల్లిక విడిపోకుండా పడి ఉంది. పక్కనే కత్తెర. గోడకు చంద్రిక నిన్న సంస్థకు పంపిన ఫొటో అతికించి ఉంది, దాన్ని చూసి చూసి కత్తిరించుకున్నట్టు. అద్దంలోంచే సుజన ఆమెను చూసింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. కానీ గొంతు మామూలుగానే ఉంది, అన్నం తిన్నావా అని అడిగేటప్పుడు ఎలా ఉంటుందో అలా.

"ఒకే మాదిరి ఉండామా అక్కా?"

చంద్రిక గడప దగ్గరే నిలబడిపోయింది. ఎందుకు చేశావని ఆమె అడగకముందే సుజన తానే చెప్పింది. నీకు మంచే జరుగుతుందనుకున్నాను, సార్ ఏడుస్తుంటే చూడలేకపోయాను, ఇప్పుడు నా సర్టిఫికెట్లన్నీ పోతాయి, చెన్నై పోతుంది, నాకూ భయంగానే ఉంది అక్కా అంది. అదంతా నిజమే. చెబుతూనే మంచం మీదున్న ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లి కూర్చుంది. అది చంద్రిక ల్యాప్‌టాప్. తెర మీద చంద్రిక ఖాతా, దాని కింద 'పాస్‌వర్డు మార్చుకోండి' అన్న గడి. అప్పుడే చంద్రిక చేతిలో ఫోను వణికింది. ఆరంకెల కోడ్ వచ్చింది.

"చెప్పక్కా," అంది సుజన, వేళ్లు కీబోర్డు మీద పెట్టుకొని. "ఒక్క నంబరు. సోమవారం పదిన్నరకు నీ పేరు నీకు ఇచ్చేస్తా."

చంద్రిక ఫోను వైపు చూసింది. ఒక్కో అంకె చదివింది. అయిదింటిని సరిగ్గానే చదివి, ఆరోది మార్చి చెప్పింది.

సుజన కొట్టింది. కాసేపు తెర వైపు చూసింది. కోప్పడలేదు. లేచి వచ్చి, చంద్రిక భుజం మీద చెయ్యి వేసి మెల్లగా లోపలికి జరిపి, తలుపు మూసి గడియ పెట్టింది.

"తప్పంటా ఉండాది. ఇంకోటి పంపిస్తారులే. ఈ తూరి నేనే సూసుకుంటా," అని చెయ్యి చాపింది, ఫోను కోసం.

అప్పుడే కిందనుంచి భారతమ్మ కేకేసింది. "చంద్రికా, పూలు కట్టినా, వచ్చి తీసకపో పాపా."

చంద్రిక నోరు తెరిచింది.

"వస్తా ఉండా అవ్వా," అని సుజన చంద్రిక గొంతుతో బదులిచ్చింది.